రంగునీళ్ళకు తగ్గిన నొప్పి

"ఏమీ లేదు" అని రాయడానికి నాకు అర నిమిషం పట్టేది. ఆ రెండు మాటలు వెనక్కి తీసుకోవడానికి ఎంత పట్టిందో చెప్పడానికే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

నేను డాక్టరును కాను, కంపౌండరును. మీలో చాలామంది ఆ మాటే విని ఉండరు. ఇప్పుడు మందు అట్టలలో తయారై వస్తున్నది, చింపి మింగుతున్నారు. మా కాలంలో దవాఖానలో మందును మేమే కలిపి పోసేవాళ్ళం. రోగి తన సీసా తానే తెచ్చుకునేవాడు. అందులో మందు పోసి, సీసా పక్కన ఒక కాగితం పట్టీ అంటించేవాళ్ళం. పట్టీ అంచున కత్తెరతో గాట్లు ఉండేవి. గాటుకు ఒక పూట మందు. చదువు రానివాడు కూడా గాటు చూసి తాగేవాడు. పట్టీలు కత్తిరించడం, మందు నూరడం, కలపడం, పోయడం. ముప్పై ఏళ్ళు అదే నా పని.

నా చదువు ఉర్దూ బడిలో నాలుగు జమాతులు, అంటే నాలుగో తరగతి దాకా. తెలుగు అక్షరాలు కిరాణా కొట్టు పొట్లాలు విప్పి, వాటి మీది అచ్చు చూసి నేర్చుకున్నాను. ఇంగ్లీషు మందుసీసాల మీద ఉన్నంత వచ్చు. అందుకే నా ఇంగ్లీషులో సగం విషాల పేర్లే. సొంతంగా చదువుకున్నవాడికి ఒక జబ్బు ఉంటుంది. తనకు తెలిసిన నాలుగు ముక్కలను ఎవరైనా తప్పంటారేమోనని లోపల భయం, ఆ భయాన్ని కప్పుకోవడానికి అందరికన్నా గట్టిగా మాట్లాడటం. నాకు ఆ జబ్బు బాగా ఉండేది. ఇప్పటికీ కొంత ఉంది, చదువుతుంటే మీకే తెలుస్తుంది.

అరవైలు అప్పుడే మొదలవుతున్న రోజులు. నల్లగొండ జిల్లాలో రోడ్డు మీది ఒక ఊరు మాది. మోత్కూర్‌కు సైకిల్ మీద రెండు గంటల దూరం. రోడ్డుకు ఇవతల దవాఖాన, అవతల హైస్కూలు. స్కూల్లో పొద్దున ప్రార్థన చదివితే నా మందుల కిటికీ దగ్గరికి వినబడేది.

అప్పటి హెడ్‌మాస్టరుది ఒక పద్ధతి. ఒంట్లో బాగోలేదన్న ప్రతి పిల్లవాడినీ దవాఖానకు పంపేవాడు. దవాఖాన చీటీ తెస్తేనే సెలవు. సోమవారం ప్రార్థన కాగానే, వచ్చిన చీటీలన్నీ అందరి ముందు చదివేవాడు. ఫలానావాడికి జ్వరం, ఫలానావాడికి గజ్జి, ఫలానావాడికి ఏమీ లేదు. ఏమీ లేనివాడికి అక్కడే రెండు బెత్తం దెబ్బలు. ఆయన దుర్మార్గుడేమీ కాదు. "ఒక్కరోజు ఇంటికి పంపితే పోరగాళ్ళు గొర్ల మందల కలిసిపోతరయ్యా, మళ్ళ దొరకరు" అని నాతో ఒకసారి అన్నాడు. ఆ మాట నిజంగా నమ్మాడు. నమ్మి కొట్టేవాడి దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది.

మా డాక్టరు గారు కత్తి పట్టుకుంటే మొనగాడు. సెగగడ్డ కోస్తే రోగి మూలుగు పూర్తికాకముందే కట్టు కట్టేవాడు. బడిపిల్లలంటే మాత్రం ఆయనకు విసుగు. "వాళ్ళను నువ్వే చూడు" అని, ఖాళీ చీటీల మీద సంతకాలు పెట్టి నా బల్లసొరుగులో పడేసేవాడు. నాలుగు జమాతులవాడి చేతికి డాక్టరు సంతకం దొరికింది. ఇక చెప్పాలా. వేషాలు వేసే పిల్లలను పట్టుకోవడం నాకు ఒక ఆటయింది. నాలుక చూపించమంటే బెదిరేవాడు దొంగ, చూపించినవాడు రోగి. "కంపౌండర్ సాబ్ కండ్లల్ల ఎక్స్‌రే ఉన్నది" అని మా దవాఖాన ఆయమ్మ అంటే, అది ఎగతాళి అని కూడా తెలియక మురిసిపోయాను.

ఆ సంవత్సరం హెచ్చెస్సీలో, అంటే బడి ఆఖరి క్లాసులో, ఒక పిల్లవాడు ఉండేవాడు. గొర్లకాపరుల ఇంటివాడు, పదహారేళ్ళు, పొడుగ్గా, ఒంగినట్టు నడిచేవాడు. హాస్టల్లో ఉండేవాడు. వాళ్ళ పల్లెలో ఆ క్లాసు దాకా వచ్చిన మొదటివాడు. శనివారం ఇంటికి పోతే పల్లెంతా ఉత్తరాలూ నోటీసులూ పట్టుకొని చదివించుకోవడానికి వరుస కట్టేవారట. సోమవారం పొద్దున గంట కొట్టే వేళకు కడుపు పట్టుకొని నా కిటికీ ముందు నిలబడేవాడు.

"ఏమైందిరా?"

"కడుపుల నొస్తాంది సార్."

"ఏడ?"

పొట్ట మీద చెయ్యి పెట్టేవాడు, తీసి రొమ్ము మీద పెట్టేవాడు, మళ్ళీ పొట్ట మీదికి తెచ్చేవాడు. నొప్పి ఎక్కడో కూడా చెప్పలేకపోతున్నాడని నేను మనసులో రాసుకున్నాను.

"కూసో" అనేవాణ్ణి. కిటికీ పక్కన ఒక బల్ల ఉండేది. ఆ మాట నేను దయతో అన్నది కాదు. మందు కలపడానికి పది నిమిషాలు పడుతుంది, అంతసేపు కిటికీకి అడ్డం ఉండకూడదని అందరికీ అనే మాట. వాడు కూర్చునేవాడు. కడుపునొప్పికి మా దగ్గర ఎర్రమందు ఉండేది, అల్లం ఘాటుతో గొంతు మండుతూ దిగుతుంది. ఒక మోతాదు అక్కడే తాగించి మిగతాది సీసాలో పోసేవాణ్ణి. కాసేపటికి వాడి ముఖంలోకి రంగు వచ్చేది. బడికి పోయేవాడు. మళ్ళీ సోమవారం వచ్చేవాడు.

మూడు సోమవారాలు చూశాను. నాలుగో సోమవారం నాకు ఒక తెలివి పుట్టింది. ఔన్సు గ్లాసులో పచ్చినీళ్ళు పోసి, మందులలో కలిపే ఎర్ర రంగు రెండు చుక్కలు వేసి ఇచ్చాను. వాడు తాగాడు. బల్ల మీద కూర్చున్నాడు. పది నిమిషాల తర్వాత, "ఎట్లున్నది?" అన్నాను.

"జర తక్కువైంది సార్."

దొరికాడు అనుకున్నాను. పచ్చినీళ్ళకు తగ్గే నొప్పి నొప్పి కాదు. లోకంలో దీనికన్నా గట్టి రుజువు ఏముంటుంది? మిగిలిన రంగునీళ్ళు కూడా వాడి సీసాలో పోసి, గాట్ల పట్టీ అంటించి మరీ పంపాను. చీటీ తీసి, ఏమీ లేదు అని రాశాను. అంతటితో ఆగినా బాగుండేది. నా తెలివి హెడ్‌మాస్టరుకు కూడా తెలియాలి కదా. కింద ఇంకో వరుస చేర్చాను: "రంగునీళ్ళు ఇచ్చి చూసినాము. తగ్గినది."

ఆయమ్మ గాజుగ్లాసులు కడుగుతూ అంతా చూసింది. "నీళ్ళకు తగ్గితే తగ్గనియ్యరాదు. నీకేం నొప్పి?" అంది. చదువు రానిదానికి ఏం తెలుసు అనుకున్నాను.

తర్వాతి సోమవారం, వాడు వరుసలో నిలబడి ఉండగానే, ఆ చీటీ ప్రార్థనలో చదివారు. కిటికీ దగ్గర నేను వింటూనే ఉన్నాను. హెడ్‌మాస్టరు నా రెండో వరుసను రెండుసార్లు చదివాడు. మూడువందల మంది పిల్లలు ఒక్కసారి నవ్వితే ఎట్లా ఉంటుందో మీకు తెలుసా? రేకుల కప్పు మీద వడగండ్లు పడ్డట్టు ఉంటుంది. నేనూ నవ్వాను. ఈ మాట రాయకుండా దాటవేయవచ్చు. కానీ నవ్వాను.

ఆ రోజు నుంచి వాడు రాలేదు. ఎక్స్‌రే కండ్లు పనిచేశాయని సంతోషపడ్డాను.

రెండు వారాలు గడిచాయి. ఒక మంగళవారం పొద్దున ఒక ముసలమ్మ కిటికీ ముందు నిలబడింది. భుజాన గొంగడి, చేతిలో సీసా. ఆ సీసాకు నేను అంటించిన పట్టీ అట్లాగే ఉంది. నేను గుర్తుపట్టాను.

"కొడుకా, గీ మందు మళ్ళ జరంత పొయ్యి" అంది.

"ఎవరికి అవ్వా?"

"మా మనుమనికి. హాస్టల్ కెల్లి ఇంటికొచ్చినకాడి నుంచి గోడ దిక్కు మొకం పెట్టి పండుతాండు. తినడు, మాట్లాడడు. గీ సీసల మందు తాగిన నాడే జర నిద్రపోయిండు. అయిపోయింది."

నా చేతిలో ఔన్సు గ్లాసు ఉంది. దాన్ని కింద పెట్టడానికి జాగా కనబడలేదు.

"జ్వరమున్నదా?"

"ఏం లేదు. మొన్న బాయి గడ్డ మీద కూసున్నడంట. వాళ్ళ నాయిన పిలిస్తే పలుకలే. చెయ్యి పట్టి గుంజుకొచ్చిండు. గప్పటి సంది నేను వాని ఎంబడే ఉంటున్న. నా కోడల్ని కూసోబెట్టి గీడికొచ్చిన." గొంగడి సర్దుకొని, "బేస్తారం నాడు వాత పెట్టిస్తమంటాండు వాళ్ళ నాయిన. పక్కూరి పెద్దమనిషి వస్తడంట" అంది.

వాత అంటే తెలియనివాళ్ళకు చెబుతాను. అర్థంకాని రోగానికి, గాలి సోకిందనుకున్న రోగానికి ఇనుప కడ్డీ కాల్చి పొట్ట మీద పెట్టేవాళ్ళు. అట్లా పెట్టించుకున్న పొట్టలకు తర్వాత చీము పడితే కట్టు కట్టింది నేనే. అది ఎట్లా ఉంటుందో నాకు చేతులకు తెలుసు.

డాక్టరు గారి దగ్గరికి పోయి, పిల్లవాణ్ణి ఒకసారి చూడాలన్నాను. ఆయన తలెత్తకుండానే, "ఏం రోగం?" అన్నాడు.

"తెల్వది సాబ్."

"నువ్వే రాసినవు గదా ఏం లేదని. లేనిదానికి నేనొచ్చి ఏం చెయ్యాలె?"

నా చీటీ ఆయనకూ చేరింది. ఊరంతా చేరింది. ఆయనను నేను ఇప్పటికీ క్షమించలేదు, కానీ ఆ మాట నేను రాసిందే. మధ్యాహ్నం సెలవు అడిగి, ముసలమ్మ సీసాలో మళ్ళీ ఆ రంగునీళ్ళే పోసుకొని, అవ్వను వెనక కూర్చోబెట్టుకొని సైకిల్ ఎక్కాను. అసలు మందు ఎందుకు పోయలేదో అప్పుడు నాకే తెలియదు.

వాళ్ళ పల్లె గుట్ట వెనక ఉంది. దొడ్డిలో గొర్లు లేవు, మేతకు పోయాయి. పిల్లవాడి తండ్రి మాత్రం ఇంటి ముందే ఉన్నాడు. మంద వెంట వేరేవాణ్ణి పంపి తాను ఉండిపోయాడంటే ఎంత బెంగో నాకు అర్థమైంది.

"డాక్టర్ సాబూ, కూసోండ్రి" అన్నాడు.

"నేను కంపౌండర్‌ను."

"మాకు అందరొక్కటే. మావోడు తహసీల్దారైతడని తిర్మలగిరి అంగడిల గూడ చెప్పుకున్న. ఎవరి దిష్టి తగిలిందో ఏమో. వాత పెడితె దిగుతది. మా తాతకు గట్లనే దిగింది."

మనిషి మంచివాడు. కొడుకు మీద ప్రేమతోనే కడ్డీ కాల్చబోతున్నాడు. హెడ్‌మాస్టరు బెత్తమూ ప్రేమతోనే. నా చీటీ ఒక్కటే గర్వంతో. మా ముగ్గురిలో ఎక్కువ తప్పు ఎవరిదో అక్కడే తేలిపోయింది.

లోపల వాడు గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. పక్కన కూర్చున్నాను. ఏం అడగాలో తెలియలేదు. నాలుక చూపించు అనడం తప్ప నాకు ఇంకో ప్రశ్న రాదని అప్పుడు తెలిసింది. చివరికి అన్నాను, "బాయిల ఏం చూసినవురా?"

"నీళ్ళు."

"మళ్ళ పోవాలనిపిస్తాందా?"

వాడు ఇంకా గోడనే చూస్తున్నాడు. సీసా వాడి తల దగ్గర పెట్టి, లోపల ఉన్నదంతా కక్కేశాను. "ఇది మందు కాదురా. రంగునీళ్ళు. నీది వేషమని పట్టుకుందామని ఇచ్చిన. చీటీ రాసింది నేనే. తప్పయింది."

"నాకు ఎర్కే" అన్నాడు.

"ఏం ఎర్క?"

"నీళ్ళని. ఘాటు లేకుండె."

"మరి తక్కువైందని ఎందుకు చెప్పినవు?"

"తక్కువైంది గదా." వాడు మొదటిసారి ఇటు తిరిగాడు. "నువ్వు కూసో అంటవు. బల్ల మీద కూసుంటే తక్కువైతది. గాడ ఎవ్వరు ఏం అడుగరు."

నా వయసు అప్పటికి ముప్పై నాలుగు. చేతిలో డాక్టరు సంతకాల కట్ట. ఒక పదహారేళ్ళవాడు నా కిటికీ ముందుకు వారం వారం వచ్చింది ఎర్రమందు కోసం కాదు, పది నిమిషాలు ఊపిరి పీల్చుకునే జాగా కోసం. దాన్నే నేను రుజువుగా పట్టుకొని మూడువందల మంది ముందు ఆరేశాను. నీళ్ళకు తగ్గింది కాబట్టి నొప్పి లేదన్నాను. నొప్పి కడుపుది కాదు కాబట్టి నీళ్ళయినా, మందైనా ఒకటే అయిందన్న ఇంగితం నాకు లేకపోయింది.

బయటికి వచ్చి వాళ్ళ నాయినతో నా జన్మలో పెద్ద అబద్ధం ఆడాను. "ఈ మందు ఒంట్ల ఉండంగ వాత పెట్టొద్దు. రెండూ పడవు. పానం మీదికొస్తది."

"ఎన్ని దినాలు?"

"గాట్లు అయిపోయేదాక."

"అయిపోయినంక?"

"మళ్ళ పోస్త."

ఆయన సీసాను చూశాడు, నన్ను చూశాడు. "సరే సాబ్. మందుంటే కడ్డీ ఎందుకు" అన్నాడు. పిల్లవాణ్ణి ఒక్కణ్ణీ విడిచిపెట్టవద్దని, బావివైపు అసలే పోనివ్వవద్దని, ప్రతి సోమవారం నా దగ్గరికి తెమ్మని చెప్పి వచ్చాను. పచ్చినీళ్ళకు తొలిసారి నేను సరైన మోతాదు రాసింది ఆ రోజే.

సోమవారం అవ్వ వాణ్ణి పట్టుకొచ్చింది. "కూసో" అన్నాను. ఈసారి తెలిసి అన్నాను. కూర్చున్నవాడి చేతికి పని ఉండాలని కత్తెర, కాగితాలు ఇచ్చి పట్టీలకు గాట్లు పెట్టమన్నాను. మొదటి వారం పెట్టిన గాట్లు ఎలుక కొరికినట్టు ఉన్నాయి. "గీ పట్టీలు అంటిస్తే రోగులు మందు తాగరు, నవ్వుతరు" అని ఆయమ్మ అంటే వాడు కూడా కొంచెం నవ్వాడు.

గాట్లు పెడుతూ పెడుతూ ఒక్కో మాట బయటపడేది. ఒకసారి అన్నాడు, "పొద్దుగాల గంట కొట్టంగనే కడుపుల ఎవరో పిడికిలి బిగించినట్టయితది." ఇంకోసారి, "అక్షరాలు కనబడ్తయి సార్, లోపలికి పోవు." క్లాసులో లేచి చదవమంటే నోరు ఎండిపోయేదట. వాడి మాటతీరును ఒక పంతులు అనుకరించి నవ్వించేవాడట. అది కూడా కాదు అసలు బరువు. "నేను తప్పితే మా పల్లెంత తప్పినట్టే. నాయిన అంగడిల తలెట్ల ఎత్తుకుంటడు?" ఆ మాట తండ్రికి చెప్పినవా అంటే, ఆయనకు చెప్పే మాటేనా అన్నాడు. ఆ మాట నేనే చెప్పాను. గొర్లకాపరి విని, "తహసీల్దారు కాకుంటె నా కొడుకు కాకుండ పోతడా" అన్నాడు. అంతే. తర్వాత అంగడిలో ఆ ముచ్చట ఎత్తలేదట.

పరీక్ష ఆ ఏడు రాయలేదు. తొలకరి పడి బడి తెరిచేనాటికి వాడు పెట్టే గాట్లు సూటిగా, సమానంగా వస్తున్నాయి. దాన్ని బట్టే నేను అంచనా వేసుకున్నాను, నాకు వేరే కొలత లేదు. "బడికి పోతవా?" అంటే, "పోత. గని ప్రార్థనల నిలబడాలె" అన్నాడు. వాడి భయమంతా ఆ వరుసలో ఉంది. ఆ మూడువందల మందికి వాడు ఏమీ లేనివాడు, నీళ్ళకు తగ్గినవాడు.

సొరుగులోంచి కొత్త చీటీ తీశాను. డాక్టరు సంతకం ఉన్నది పక్కన పెట్టి, లేనిది తీశాను. ఇది నా మాట, నా సంతకమే ఉండాలి. రాసి, వాణ్ణి వెంటబెట్టుకొని రోడ్డు దాటాను. ప్రార్థనకు ఇంకా గంట కొట్టలేదు.

హెడ్‌మాస్టరు చీటీ చదివాడు. "ఏ రోగమో తెల్వదని రాస్తరా ఎవరన్న?"

"అన్నీ తెలిసినట్టు రాసిన చీటీ మీరు చదివిండ్రు గదా సార్."

"నువ్వు చదివిందెంత?"

"నాలుగు జమాతులు."

ఆయన ఇంకోసారి చదివాడు. పిల్లవాడివైపు చూశాడు. వాడు నేల చూడకుండా నిలబడ్డాడు, అది నాకు గుర్తుంది. "దీన్ని ప్రార్థనల చదువుండ్రి సార్. ఆ చీటీ చదివినట్టే" అన్నాను.

"చదివినది చదివిన. మళ్ళ అది తప్పని చదివితే పిల్లల ముందు మన ఇద్దరి మర్యాద ఏమైతది?" చీటీని మడిచి జేబులో పెట్టుకున్నాడు. "పో, వరుసల నిలబడు" అని పిల్లవాడితో అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది. ఆ రోజు ప్రార్థనలో ఏ చీటీలూ చదవలేదు. ఆ తర్వాత కూడా చదవలేదు. అది ఆయన తప్పు ఒప్పుకున్న పద్ధతి కావచ్చు. నాకు మాత్రం చాలలేదు.

పిల్లవాడు మరుసటి పరీక్షలో లెక్కలు తప్పి, సెప్టెంబరులో మళ్ళీ రాసి గట్టెక్కాడు. తహసీల్దారు కాలేదు. పశువుల దవాఖానలో కొలువు చేశాడు, గొర్ల రోగాలలో దిట్ట. కడుపులో పిడికిలి పూర్తిగా పోయిందని నేను చెప్పను. ఏడాదికో రెండేళ్ళకో ఒక పొద్దున వచ్చి బల్ల మీద కూర్చునేవాడు. కూర్చునే ముందు కత్తెర అడిగేవాడు.

ఇప్పుడు ఈ నొప్పికి పుస్తకాలలో పేర్లు ఉన్నాయి. ఆందోళన అంటారు, కుంగుబాటు అంటారు. పెద్ద చదువులవాళ్ళు అరలు అరలుగా రాశారు, కష్టపడి నేనూ కొంత చదివాను. అయినా పొద్దున కడుపు పట్టుకున్న పిల్లవాణ్ణి చూసి, ఏం లేదు, వేషాలు అనే పెద్దమనుషులను ఇప్పటికీ చూస్తున్నాను. వాళ్ళకు నాకన్నా ఎక్కువ జమాతులు ఉన్నాయి.

నా తప్పు మూడువందల మంది విన్నారు. దాని దిద్దుబాటు ఒక కోటు జేబులో పడింది. ఆ మూడువందల మందిలో ఇంకా కొందరు ఉంటారు, మనుమల్ని ఎత్తుకొని ఉంటారు. వాళ్ళు వినాలని, వినలేనివాళ్ళ బదులు మీరు వినాలని, ఆ రోజు ప్రార్థనలో చదవని చీటీని ఇక్కడ చదువుతున్నాను.

"ఈ పిల్లవానికి నొప్పి ఉన్నది. వేషము కాదు. నిరుడు ఏమీ లేదని నేను రాసినది తప్పు. ఏ రోగమో నాకు తెలియదు. మళ్ళీ వచ్చినప్పుడు కొట్టకుండా, నవ్వకుండా, కూర్చోమని చెప్పవలెను. ఇట్లు, కంపౌండరు."